ఏడో పట్టిక

జనవరి 8, 2001. నర్సీపట్నం.

ఢిల్లీ నుంచి కవరు వచ్చింది. కాలేజీ అడ్రసుకు పంపారు. అటెండరు కొండన్న దాన్ని స్టాఫ్ రూమంతా తిప్పి చూపించాక గానీ నా చేతికివ్వలేదు. సముద్రంలో చమురు, గ్యాసు వెతుక్కోవడానికి కంపెనీలకు లీజులిస్తారట. ఇచ్చే ముందు ప్రభుత్వం చేయించిన పర్యావరణ పరిశోధన సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి ఐదుగురితో ఒక కమిటీ వేశారు. అందులో నేనొకణ్ణి. ‘స్థానిక జీవశాస్త్ర నిపుణుడు’ అని రాశారు. చైర్మన్ గణపతి గారు, రిటైరైన ప్రొఫెసరు, వైజాగులో ఉంటారు.

పావని కాగితం రెండుసార్లు చదివింది. “ఏటండీ, అంత పెద్దోళ్ళు మిమ్మల్నెలా కనిపెట్టారు?” అంది. మెచ్చుకోలో వెటకారమో పెళ్ళయి ఏడేళ్ళయినా నాకు తెలియదు.

జనవరి 11

రిపోర్టు మూడు సంపుటాలు. ఇటుకల్లా ఉన్నాయి. నక్కపల్లికి తూర్పున సముద్రం మీద ఒక దీర్ఘచతురస్రం గీశారు. అదే బ్లాకు. దాని లోపల ఏముందో, తవ్వితే ఏం పాడవుతుందో ఈ మూడు ఇటుకల్లో ఉండాలి.

ఉన్నది చెత్త. నీటి నమూనాలు ఫిబ్రవరిలో రెండు రోజులు తీసి సంవత్సరమంతటికీ అవే అంటగట్టారు. అడుగున బురదలో బతికే జీవుల కోసం అంత సముద్రానికీ నాలుగు చోట్ల తవ్వారు. తాబేళ్ళను జీపులో తిరిగి లెక్కపెట్టారు. అవి గుడ్లు పెట్టే కాలంలో కూడా కాదు. ఎర్రసిరా పెన్ను సగం అయిపోయింది. చాలాకాలానికి ఒంట్లో హుషారుగా ఉంది. ఇలాంటి వాళ్ళకు పరిశోధన అప్పగించే వాళ్ళను అనాలి.

జనవరి 12

రెండో సంపుటం పూర్తయింది, ఏడో పట్టిక తప్ప.

జనవరి 19

ఏడో పట్టిక నాదే.

ఇందులో దాచడానికేమీ లేదు. 1994లో నేను రీసెర్చి చేస్తున్నప్పుడు ఈ సర్వేకు టెంపరరీగా ఆరుగురిని తీసుకున్నారు. నాకు నక్కపల్లి దగ్గర జాలర్ల ఊరు నీలమ్మపేట పడింది. పడవల్లో పన్నెండు ట్రిప్పులు వెళ్ళి, జాలర్లు ఎక్కడెక్కడ వేటాడుతున్నారో మ్యాపు మీద గుర్తుపెట్టాలి. పెట్టాను. రిపోర్టులో మా పేర్లు లేవు. ‘ఇన్వెస్టిగేటర్ నెం. 4’ అని ఉంది. కమిటీకి ఈ సంగతి తెలియదు, వాళ్ళు అడగలేదు. ఏడేళ్ళ కిందటి సంగతి అడక్కుండా చెప్పడానికి నేనేమన్నా సత్యహరిశ్చంద్రుణ్ణా?

పట్టిక ప్రకారం నీలమ్మపేట పడవలన్నీ ఉత్తరం పక్క, ఒడ్డుకు దగ్గర్లో వేటాడతాయి. బ్లాకు లోపల వేట: సున్నా. కాబట్టి ‘మత్స్యకారులకు ప్రాధాన్యం లేని ప్రాంతం’ అని మూడో సంపుటంలో తేల్చేశారు. చమురు తవ్వే రిగ్గు దింపితే దాని చుట్టూ ఏ పడవా రాకూడదు. సున్నా ఉన్నచోట ఎవరికి నష్టం?

నా పీహెచ్‌డీలో మూడో అధ్యాయం కూడా ఈ పట్టికే.

జనవరి 20

పొద్దున పళ్ళు తోముకోవడానికి డాబా ఎక్కాను. పడమటి కొండలు మంచులో ఉన్నాయి. పన్నెండు ట్రిప్పులకూ తేదీలు సరిగ్గానే ఉన్నాయి. ఆ తేదీల్లో నేను నీలమ్మపేటలోనే ఉన్నాను.

ఫిబ్రవరి 3

అప్పయమ్మ వచ్చింది. వారానికి రెండుసార్లు నీలమ్మపేట నుంచి బస్సులో చేపల తట్ట తెచ్చి మా వీధిలో అమ్ముతుంది. పావనితో బేరం అయ్యాక నావైపు తిరిగింది.

“సర్వే బాబూ, మా గంగులన్న అడిగి రమ్మన్నాడు. సముద్రంలో గీతలు గీసేసి కంపినీలోళ్ళకి ఇచ్చేత్తన్నారంట. నిజివేనేటి?”

నన్ను సర్వే బాబు అని పిలిచేది ఈ ఒక్క మనిషే. ఆమె అన్న గంగులుతోనే 94లో పని చేశాను. నీలమ్మపేటలో పాత పడవలవాళ్ళల్లో పెద్ద.

“ఇంకా ఏమీ తేలలేదమ్మా” అన్నాను.

“గీతలోన మా రాయి పడిపోనాదా, తప్పిపోనాదా, అది సూసి సెప్పమన్నాడు.”

“ఏ రాయి?”

అప్పయమ్మ నాలిక కరుచుకుంది. పావని చేతిలో ఇంకో చేప పెట్టేసి తట్ట ఎత్తుకుని బేగి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 12

మనసు ఆగక గణపతి గారికి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను. బ్లాకు లోపల వేట సున్నా అంటే నమ్మబుద్ధి కావడం లేదన్నాను.

ఆయన సూటి మనిషి. “అనుమానం చాలదండీ అప్పాజీ గారూ. రెండే దారులు. ఆ పట్టిక నమ్మదగింది కాదని చూపించండి, మళ్ళీ సర్వే చెయ్యమని కమిటీ రాస్తుంది, అప్పటిదాకా ఆ బ్లాకు ఆగుతుంది. లేదా అక్కడ వేట ఉందని అక్షాంశ రేఖాంశాలతో చూపించండి, ఆ ముక్క తీసేస్తారు. ఏది మీకు వీలైతే అది. మార్చి నెలాఖరు లోపల.”

మొదటి దారికి ఒక్క వాక్యం చాలు.

ఆ వాక్యం రాసేవాడికి ఏమవుతుందో కూడా చూసుకోవాలి కదా. జూన్‌లో వైస్ ప్రిన్సిపాల్ పోస్టు తేలుస్తారు. పీహెచ్‌డీ వెనక్కి తీసుకున్న కేసులు పేపర్లో చదువుతూనే ఉన్నాం. పావని వాళ్ళ నాన్నగారు రావికమతంలో కనపడిన ప్రతివాడికీ మా అల్లుడు డాక్టరు, మందులిచ్చే డాక్టరు కాదు అని చెప్పుకుంటారు.

అదీగాక పట్టిక తప్పని ఎవరన్నారు? నేను పడవలో వెళ్ళాను.

ఫిబ్రవరి 13

పన్నెండుసార్లూ కాదు. మొదటిరోజు వెళ్ళాను.

ఫిబ్రవరి 14

మొదటిరోజు అలలు దాటేదాకా వెళ్ళాను. వాంతులయ్యాయి. గంగులు పడవ వెనక్కి తిప్పి నన్ను దింపాడు. మాకవరపాలెంలో చెరుకుతోటల మధ్య పుట్టినవాణ్ణి, నాకు సముద్రం ఎలా పడుతుంది?

ఫిబ్రవరి 16

మోకాళ్ళ లోతు నీళ్ళదాకా.

ఫిబ్రవరి 20

నీలమ్మపేట వెళ్ళాను. గంగులు వలల పాక నీడలో కూర్చుని గేలాలకు తాడు కడుతున్నాడు. అరవై దాటి ఉంటాయి. నన్ను చూసి లేవబోయి, మానేసి, “కూకోండి మాస్టారూ” అన్నాడు. 94లో నేను కూర్చున్న పాక ఇదే. పన్నెండు రోజులు ఇక్కడే కూర్చున్నాను. పడవలు తిరిగొచ్చాక “ఎక్కడ వేట?” అని అడిగేవాణ్ణి. గంగులు ఉత్తరం పక్కకు చెయ్యెత్తి చూపించేవాడు. అటు గుర్తుపెట్టేవాణ్ణి. అదీ జరిగింది.

మ్యాపు పరిచి బ్లాకు చూపించాను. అతనికి మ్యాపు అర్థం కాలేదు. తీరం నుంచి ఎంత దూరమో, ఎన్ని బారల లోతో చెప్పాను. అప్పుడు అర్థమయింది. చేతిలోని గేలం పక్కన పెట్టేశాడు.

“మా రాయి అందులోనే ఉన్నాది.”

నీళ్ళ కింద రాళ్ళ దిబ్బట. ఇరవై రెండు బారల లోతు. వంజరం, గొరక లాంటి పెద్ద చేపలన్నీ దాని చుట్టూ చేరతాయి. వల పడితే చిరిగిపోతుంది కాబట్టి గేలాలతోనే వేట. గంగులు తాత దాన్ని కనిపెట్టాడు. ఇప్పుడు అన్నదమ్ముల పిల్లలు కలిపి పద్నాలుగు పడవలు దాని మీదే బతుకుతున్నాయి. ఊళ్ళో మిగతావాళ్ళకు అది ఉందని తెలుసు, ఎక్కడో తెలియదు.

“మరి ఆనాడు ఉత్తరం పక్క అని ఎందుకు చెప్పావు?”

“అడిగినోళ్ళందరికీ సెప్పేత్తే అది మాదెలాగౌతాది బాబూ? సొంత బావమరిది అడిగినా ఉత్తరమే సెప్తాం.”

నాకు ఒళ్ళు మండింది. ఈయన చెప్పిన అబద్ధం వల్లే కదా ఆ సున్నా! నా తప్పు ఎంత, ఈయన తప్పు ఎంత? ఆ మాటే అన్నాను కూడా. చెప్పి ఉంటే ఇవాళ ఈ గొడవే లేదు అన్నాను. గంగులు తల ఒంచుకున్నాడు. నేను పడవ ఎక్కి ఉంటే అతను చెప్పినా చెప్పకపోయినా నాకు కనపడేదని అనలేదు. అనొచ్చు. అనలేదు.

రెండు దారుల సంగతి గంగులుకు చెప్పాను. అంటే, రెండో దారి చెప్పాను. రాయి ఎక్కడుందో చూపిస్తే ఆ ముక్క తీసేస్తారని.

ఆలోచించుకుని కబురు పెడతానన్నాడు.

ఫిబ్రవరి 22

రెండో దారే గట్టిది. ఎవరైనా అదే అంటారు. మళ్ళీ సర్వే అంటే ఇంకెవడో వస్తాడు, వాడికీ ఉత్తరమే చూపిస్తారు, మళ్ళీ సున్నాయే. అక్షాంశాలు చేతిలో ఉంటే ఎదురుండదు. ఇది నా కోసం చేస్తున్నది కాదు.

ఫిబ్రవరి 27

కబురు రాలేదు. క్లాసులో కప్ప గుండె బొమ్మ గీస్తూ గదులు తప్పుగా పెట్టాను. వెనక బెంచీలో నవ్వారు. పావని “అన్నం ముందు కూచుని ఏటి లెక్కలు?” అంది. లెక్కలు కాదన్నాను. మరేటి అంది.

మార్చి 1

అప్పయమ్మ వచ్చింది. చేపలు దించలేదు.

“అన్న రమ్మన్నాడు. గట్టుమీద సెప్పకూడదంట. మా ఇంట తండ్రి కొడుక్కి సెప్పినా రాయి మీదకి తీసుకెళ్ళే సెప్తాడు. తమరు పడవెక్కాల బాబూ.”

ఈ మాట ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

మార్చి 4

వెళ్ళాను. పడవలో. నిజంగా.

కమిటీ వాళ్ళు పంపిన చేతి జీపీఎస్ యంత్రాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి మెడకు కట్టుకున్నాను. ఇంకా వెలుగు రాకముందే బయల్దేరాం. గంగులు, అతని తమ్ముడు బాలన్న, నేను. అలల దగ్గర పడవ అంచు రెండు చేతులా పట్టుకున్నాను. దాటాక వాంతులు మొదలై రెండు గంటలు ఆగలేదు. బాలన్న నా వీపు రాస్తూ “కిందకి సూడకండి, దూరంగా గట్టుకేసి సూడండి” అన్నాడు. నడుములో చెయ్యేసి పట్టుకున్నాడు. సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువ ఊరట అనిపించింది.

ముందు ఉత్తరం పక్కకే వెళ్ళాం. మిగతా పడవలు కనుమరుగయ్యేదాకా ఆగి అప్పుడు తెరచాప తిప్పారు. రోజూ ఇంతేనట.

ఎండ వచ్చాక గంగులు లేచి నిలబడ్డాడు. నన్నూ లేవమన్నాడు. ఒడ్డు సన్నటి గీతలా ఉంది. దాని వెనక ఉపమాక కొండ. ఆ వెనక చాలా దూరంలో ఏజెన్సీ కొండలు నీలంగా.

“అదిగో, ఎద్దు మూపులాగ ఒకటి కనిపిత్తందా? మేం మూపు అంటాం. ఆ మూపు ఉపమాక కొండ నెత్తిమీద కూకోవాల. ఇటు దచ్చినాన ఉప్పుటేటికాడ తాడితోపు, ఎర్రదిబ్బ మీదకి రావాల. రెండూ కలిసినకాడ రాయి.”

మూపు మెల్లిగా జరుగుతూ వచ్చి ఉపమాక కొండ మీద కూర్చుంది. బాలన్న తాడుకు గుండు కట్టి వదిలాడు. ఇరవై రెండు బారలకు తగిలింది. ఆ మూపు నాకు తెలుసు. మా డాబా మీంచి నేను రోజూ పళ్ళు తోముకుంటూ చూసే కొండే అది. నలభై మైళ్ళ అవతల పద్నాలుగు పడవలు దాన్ని పట్టుకుని బతుకుతున్నాయని నాకు తెలియదు.

యంత్రం మీద మీట నొక్కాను. గంగులు దానికేసి చూశాడు. “ఆ డబ్బాలోకి ఎల్లిపోనాదేటి?”

“వెళ్ళింది.”

“డబ్బా ఉన్నోడు ఎవడైనా ఒచ్చేత్తాడా మరి?”

“కమిటీలో ఐదుగురం. అంతే” అన్నాను.

అరగంటలో నాలుగు వంజరాలు పడ్డాయి. గంగులు వాటికేసి చూడలేదు. తిరిగొస్తుంటే నన్ను ఒక మాట అడిగాడు. జవాబు చెప్పాను. దాని సంగతి ఇక్కడ అనవసరం.

మార్చి 18

పదకొండు పేజీల సమీక్ష పంపించాను. నీటి నమూనాలు, బురద, తాబేళ్ళు అన్నీ కడిగేశాను. ఏడో పట్టిక గురించి ‘స్థానికులు సమాచారం దాచడం వల్ల లోపం తలెత్తింది’ అని రాశాను. అబద్ధం కాదు. అక్షాంశ రేఖాంశాలు వేరే కాగితం మీద, ‘గోప్యం’ అని పైన రాసి జతచేశాను.

పోస్టు చేసి వస్తూ అరకేజీ జిలేబీ కొన్నాను.

మే 9

గణపతి గారే కాలేజీకి ఫోన్ చేశారు. మా సమీక్ష ఒప్పుకున్నారట. బ్లాకులోంచి నైరుతి మూల కోసేశారు. రాయి బయటపడింది. “ఐదుగురిలోనూ పనికొచ్చే పని మీరొక్కరే చేశారు. ఫీల్డు తెలిసిన మనిషి మీరు” అన్నారు. పక్కనే ప్రిన్సిపాల్ ఉండి విన్నారు.

అప్పయమ్మ నోటికి తీపి పెట్టి పంపింది పావని. నాకేసి చూసిన చూపులో ఈసారి మెచ్చుకోలే.

జూన్ 21

వైస్ ప్రిన్సిపాల్. ఈ వాక్యం ఇంకా పెద్దగా రాయాలనుకున్నాను.

జులై 30

రిపోర్టు మళ్ళీ అచ్చయి వచ్చింది. మంచి కాగితం. కోసేసిన మూల దగ్గర ఆకుపచ్చ చుక్క పెట్టారు. ‘ముఖ్యమైన వేట స్థలం’. పక్కనే అక్షాంశ రేఖాంశాలు, సెకన్లతో సహా. నేను ‘గోప్యం’ అని రాసిన కాగితాన్ని అనుబంధం మూడుగా వేసేశారు. పైన ‘గోప్యం’ అన్న మాట కూడా అచ్చయింది.

గణపతి గారికి ఫోన్ చేశాను. “ప్రభుత్వ రిపోర్టు కదండీ, అందరూ చూడాలి. రేవులకూ ఫిషరీసు ఆఫీసులకూ కాపీలు వెళ్ళాయి. మంచిదే కదా?” అన్నారు.

మంచిదే అన్నాను.

ఆగస్టు 2

అయినా ఇలాంటి రిపోర్టులు ఎవరు చదువుతారు.

సెప్టెంబరు 14

అప్పయమ్మ రెండు వారాలుగా రావడం లేదు. వానలు కదా.

అక్టోబరు 6

వానలు తగ్గి పది రోజులైంది.

నవంబరు 11

రాసేస్తాను. లేకపోతే ఇవాళ కూడా ఇంకేదో రాస్తాను.

పొద్దున తొమ్మిదింటికి గంగులు వచ్చాడు, అప్పయమ్మతో. నర్సీపట్నం రావడం ఇదే మొదటిసారట. చొక్కా వేసుకున్నాడు. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాడు. ఆగస్టు నెలాఖరు నుంచి పెద్ద రేవు మరబోట్లు వస్తున్నాయి. తిన్నగా రాయి మీదకే. తడుముకోవడం లేదు, వెతకడం లేదు. రాయి చుట్టూ గొలుసు వలలు ఈడుస్తున్నాయి. ఒకరోజు ఎనిమిది. గేలాల తాళ్ళు తెగిపోయాయి. పద్నాలుగు పడవలకు రోజంతా కలిపి ఒక తట్ట నిండటం లేదు.

“ఒక బోటోణ్ణి అడిగినాను, ఇది నీకెవుడు సెప్పినాడ్రా అని. మా ఆఫీసులో కాయితం అంటించి ఉంది తాతా, ఆకుపచ్చ చుక్క అన్నాడు” అన్నాడు గంగులు. కోపంగా అనలేదు. ఏదో అడ్రసు సరిచూసుకుంటున్నట్టు అన్నాడు. “తమరేటైనా రాత్తారేమోనని ఒచ్చినాం.”

పావని కాఫీ తెచ్చింది. అతను అందుకోలేదు. డాబా ఎక్కవచ్చా అని అడిగాడు. “మూపు ఇక్కడికి దగ్గిరంట కదా. అప్పయమ్మ సెప్పింది తమరి ఇంటి మీదనుంచి కనపడతాదని.”

పైకి తీసుకెళ్ళాను. పడమటికి చూపించాను. వాన కడిగిన కొండ, చెట్లు కూడా విడివిడిగా కనపడుతున్నాయి. గంగులు చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చాలాసేపు వెతికాడు.

“ఏదీ?”

“అదే. ఎదురుగా ఉంది.”

“అది మూపులాగ నేదు” అన్నాడు. “ఇటునుంచి సూత్తే ఏటీ నేదు” అన్నాడు.

అప్పుడు చెప్పేశాను. ఎందుకు అప్పుడో తెలియదు. తట్టుకోలేకపోయాను, అంతే. ఇంకో దారి ఉండేదని చెప్పాను. ఆ రాయి ఎక్కడుందో ఎవరికీ చెప్పక్కర్లేకుండానే బ్లాకు ఆపే దారి. సర్వే బాబు పన్నెండు రోజుల్లో ఒక్కరోజు కూడా పడవ ఎక్కలేదు, పాకలో కూర్చుని రాశాడు అని నేను రాసిస్తే సరిపోయేదని.

మార్చి నాలుగున పడవలో గంగులు అడిగింది అదే. “బాబూ, రాయి సెప్పకుండా అయ్యే దారి ఇంకోటి నేదా?” అని అడిగాడు. నేను వాంతి తుడుచుకుంటూ లేదన్నాను.

గంగులు కొండకేసే చూస్తున్నాడు.

“ఒక్క ముక్కేనేటి?”

“ఒక్క ముక్కే.”

“తమరు పడవెక్కనేదని నాకు తెలుసు కదా. నాను ఎవులికైనా సెప్పినానా?”

లేదు. ఏడేళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు. నా గుట్టు కూడా అతని దగ్గరే ఉంది, రాయితో పాటు. రెంటినీ ఒక్కలాగే దాచాడు. నేనే ఒకటి అచ్చువేయించి రెండోది దాచుకున్నాను. కాళ్ళు పట్టుకుందామనిపించింది. పట్టుకుంటే దానికీ అతనే ఏదో ఒకటి అనాల్సొస్తుంది. నిలబడిపోయాను.

గంగులు పిట్టగోడ పట్టుకుని జాగ్రత్తగా మెట్లు దిగాడు. చెల్లెలితో “పద, పదకొండున్నర బస్సున్నాది” అన్నాడు.

నవంబరు 12

1994లో నేను పడవ ఎక్కలేదు.

ఈ వాక్యం, కింద నా పేరు, పక్కన ‘ఇన్వెస్టిగేటర్ నెం. 4’ అని రాసి గణపతి గారికి ఒకటి, యూనివర్సిటీకి ఒకటి రిజిస్టర్డు పోస్టులో పంపాను. పావని చదివింది. “ఇప్పుడు దీనివల్ల వాళ్ళకేటొస్తాది?” అంది. ఏమీ రాదన్నాను. ఆమె లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

నవంబరు 15

అప్పయమ్మ ఇవాళ మా వీధిలోకి వచ్చింది. తట్టలో పెద్ద రేవు నుంచి కొనుక్కొచ్చిన ఐసు చేపలున్నాయి. ఎదురింట్లో అమ్మింది, మూల ఇంట్లో అమ్మింది. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. మా ఇంటి ముందు ఆగలేదు.